రెండు నీళ్ళ మధ్య అల

చీమ ఆ గదిలోకి వచ్చేసరికి శవం ఇంకా తొట్టిలోనే ఉంది.

ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉన్న పొడవాటి గాజు తొట్టి అది. అలల మాస్టారు దాని అంచు మీద బోర్లా పడి, తలా చేతులూ నీళ్ళలో ముంచి, కాళ్ళు ఇవతల వేలాడేసి ఉన్నాడు. తెలియనివాళ్ళు చూస్తే అడుగున జారిపోయిన కళ్ళజోడు కోసం వెతుకుతున్నాడనుకుంటారు. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది.

"కళ్ళు తిరిగి పడిపోయినట్టున్నారు పాపం," అన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు టోపీ తీసి. "రాత్రంతా ఇక్కడే పని చేసి ఉంటారు. ఎప్పుడు ప్రాణం పోయిందో ఏమో. ధైర్యం తెచ్చుకోండమ్మా. మీ మావయ్య గారు దేవుడిలాంటి మనిషి."

అలల మాస్టారు చీమకు మావయ్య కాడు. ఆయనకు అక్కచెల్లెళ్ళు లేరు, అసలు నా అనేవాళ్ళే లేరు. మేనకోడలి వేషంలో ఆయన్ని కనిపెట్టుకుని ఉండమని గూఢచారి డిపార్ట్‌మెంటు ఆమెను పంపింది. నిన్న భోజనాలయ్యాక గది తలుపు వేసుకున్న మనిషి, పొద్దున ఆమె తలుపు తట్టేసరికి లేడు. కాపలా కాయడానికి వచ్చిన మనిషికి ఇంతకన్నా సిగ్గుచేటు ఉండదు.

చీమ శవం వైపు చూడటం మానేసి నీళ్ళ వైపు చూసింది. ఆమెకు డిపార్ట్‌మెంటు ఆ పేరు పెట్టింది ఇందుకే. పది మంది పరిగెత్తే చోట ఆమె ఆగి చూస్తుంది.

నీళ్ళు పైకి అద్దంలా ఉన్నాయి. ఒక్క ముడత లేదు. కానీ పక్క నుంచి, గాజులోంచి చూస్తే తొట్టిలో ఉన్నవి రెండు నీళ్ళు. పైన మంచినీళ్ళు, తేటగా. అడుగున బరువైన ఉప్పునీళ్ళు, గుర్తు కోసం ఊదా రంగు మందు కలిపినవి. ఆ రెంటి మధ్య గీత ఉంది చూడండి, అది నెమ్మదిగా కదులుతోంది. ఈ చివర జానెడు లేచింది. దిగింది. కాసేపటికి ఆ చివర లేచింది. పైన నీటికి ఆ సంగతే తెలియనట్టు, ఎవరూ లేని ఇంట్లో ఉయ్యాల ఊగినట్టు.

"డాక్టర్ గారూ, ఇది ఎంతసేపు ఊగుతుంది?"

మాస్టారి తర్వాత ఆ సముద్ర పరిశోధన ల్యాబులో పెద్ద డాక్టరమ్మ. బొంగురు గొంతు, నెరిసిన పొట్టి జుట్టు, ఎవరి మాటా పూర్తిగా విననంత తొందర. ఇప్పుడు మాత్రం గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"పై నీళ్ళు నిమిషంలో సర్దుకుంటాయి. అడుగు అల అలా కాదు. అరగంట, ఇంకా ఎక్కువ..." అని ఆగిపోయింది. ఆమెకు అర్థమైంది.

రాత్రి పోయిన మనిషి ఊపిన ఉయ్యాల కాదది. మాస్టారు పెనుగులాడి గంట కూడా కాలేదు. గేటు దాటి ఎవరూ వెళ్ళలేదు. చంపిన మనిషి ఇదే కప్పు కింద ఉన్నాడు.

శవాన్ని బయటికి తీశారు. ఆయన చేతుల మీది ఊదా రంగు చూస్తుండగానే గోధుమ రంగుకు తిరిగింది. "ఆ మందు ఒంటికంటితే వారం దాకా వదలదు," అంది డాక్టరమ్మ. ఆమె వేళ్ళు కూడా అదే రంగులో ఉన్నాయి. చీమ ఆ వేళ్ళను చూసింది. చూసి ఊరుకుంది.

కారిడార్‌లో డిపార్ట్‌మెంటు పెద్దాయనకు ఫోన్ చేసి మెల్లగా అంది. "ఇంట్లో పాలు విరిగాయి."

"పొయ్యి ఆర్పావా?"

"కాచినవాళ్ళు ఇంకా వంటింట్లోనే ఉన్నారు."

"వస్తున్నా."

ఆమె ఫోన్ పెట్టేసరికి పక్కన సెంటు వాసన. ఆ ల్యాబుకు వచ్చే విదేశీ నిపుణులకు దుభాషి, పక్కనే నిలబడి ఉంది. పొడవాటి కోటు, మోచేతుల దాకా నీలం తొడుగులు, ఎంత దుఃఖంలోనూ చెదరని జుట్టు. అందరూ ఆమెను నెమలి అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె కోపగించుకోదు.

"మీ మావయ్య మీ అమ్మగారి గురించి ఎంత బాగా చెప్పేవారో," అంది నెమలి చీమ భుజం మీద చెయ్యి వేసి. "ఒక్కగానొక్క చెల్లెలట కదా."

అబద్ధం. కానీ చావు దగ్గర అందరూ ఇలాంటి అబద్ధాలే ఆడతారు. దాన్ని పట్టుకుని ఎవరినీ ఉరి తీయలేం.

*

పెద్దాయన అంబులెన్సులో వచ్చాడు. తెల్ల కోటు, మెడలో స్టెతస్కోపు. శవం పక్కన కూర్చుని, తలుపులు వేయించి, అక్కడే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"మన సబ్‌మెరైన్ ఒకటి ఇంటికి వస్తోంది. అందులో శత్రుదేశపు కోడ్ యంత్రం ఉంది. మనవాళ్ళు ఎత్తుకొచ్చారు. దాన్ని ఇంటికి చేరనివ్వకూడదని వాళ్ళ ముఠా పట్టుదల."

"బాంబు పెడతారా?"

"పెడితే యుద్ధం. ప్రమాదంలా ఉండాలి. సముద్రమే మింగేసినట్టుండాలి. రేపు ఆ పడవ జలసంధి దాటుతుంది. ఏ వేళకు, ఎంత లోతున వెళ్ళాలో మాస్టారు రోజూ రేడియో బులెటిన్‌లో చెప్పేవాడు. పడవ రోజుకు ఒక్కసారే, పొద్దున, యాంటెనా పైకెత్తి వింటుంది. తిరిగి మాట్లాడదు."

"మరి రేపటి బులెటిన్?"

"డాక్టరమ్మ రాస్తుంది."

చీమకు ఆ గోధుమ రంగు వేళ్ళు గుర్తొచ్చాయి. "అందరినీ లోపలేసి అడగొచ్చు కదా సార్?"

"వేస్తే బులెటిన్ ఎవరు రాస్తారు? కళ్ళు లేని పడవ అవుతుంది. ఎవరు చంపారన్నది తర్వాత. ఎందుకు చంపారో అది చెప్పు ముందు." ఆయన స్టెతస్కోపును వేలికి చుట్టుకున్నాడు. "ఇంకో మాట. మీ బావ అందులో వంటవాడని నాకు తెలుసు. రూలు ప్రకారం నిన్ను తప్పించాలి. కానీ ఇంకో మనిషి లేడు."

అంబులెన్సు కిటికీకి గాలి ఒకటే ఈల వేస్తోంది. నిన్నటి నుంచి ఆగలేదది.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఏమే, మీ బావ ఎప్పుడొస్తాడో ఏమన్నా విన్నావా?"

"నాకెవరు చెబుతారే?"

"ఈసారి గుమ్మం దగ్గరే గడ్డం గీయించాలి. పోయినసారి పిల్లాడు మంచం కిందికి దూరి, వాళ్ళ నాన్న వెళ్ళిపోయాక కానీ బయటికి రాలేదు." అక్క నవ్వింది. నవ్వుతూనే అడిగింది. "వస్తాడంటావా?"

"రాకేం చేస్తాడు?" అంది చీమ. ఫోన్ పెట్టేశాక చాలాసేపు చెయ్యి దాని మీద నుంచి తీయలేదు.

*

మర్నాడు పొద్దున ఆమె డాక్టరమ్మ గది వదల్లేదు. మావయ్య చివరి పని ఏమిటో తెలుసుకోవాలని ఉందంది. డాక్టరమ్మ కసురుకుంటుందనుకుంది. కసురుకోలేదు.

"సముద్రం కూడా ఆ తొట్టి లాంటిదే అమ్మాయ్. పైన వెచ్చటి తేలిక నీళ్ళు, కింద చల్లటి బరువు నీళ్ళు. జలసంధిలో అడుగున ఒక దిబ్బ ఉంది. పోటు దాని మీద నుంచి దాటినప్పుడల్లా ఆ రెండు నీళ్ళ మధ్య ఒక అల పుట్టి లోపలికి నడుస్తుంది. పైనున్న పడవకు తెలియను కూడా తెలియదు."

"కిందున్న పడవకు?"

"బరువు నీళ్ళలో తేలేలా సరిచూసుకున్న పడవ కదా. అల వచ్చి తేలిక నీళ్ళను కిందికి నొక్కుతుంది. పల్లకీ మోసేవాళ్ళు నలుగురూ ఒకేసారి భుజం తప్పించారనుకో. అంతే."

"గాలి ఏమన్నా చేస్తుందా?"

"చెయ్యకేం? గాలి పై పొరను తోస్తుంది. ఆ ప్రవాహం అలకు ఎదురొచ్చిందనుకో, ఇరుకు సందులో ఊరేగింపుకు ఎదురుగా జనం వచ్చినట్టే. నడక తగ్గుతుంది, వెనకవాళ్ళు ముందువాళ్ళ మీద పడతారు. అల ఆలస్యమవుతుంది, కానీ చిక్కిపోదు. బలుస్తుంది, నిటారవుతుంది. అందుకే అక్కడ ప్రవాహాన్ని కొలిచే యంత్రం పెట్టాం. నిన్న మొన్నటి దాకా మొరాయిస్తుంటే తయారీ కంపెనీ ఇంజనీరు వచ్చి బాగు చేశాడు." ఆమె స్క్రీను చూపించింది. "ఇదిగో, ప్రవాహం దాదాపు లేదు. అల మధ్యాహ్నానికి ముందే దాటిపోతుంది. పడవ ఆ తర్వాత నిక్షేపంగా రావచ్చు."

బులెటిన్ వెళ్ళిపోయింది. జలసంధిలోకి మధ్యాహ్నం తర్వాత రండి, ఎనభై మీటర్ల లోతున రండి అని. ఎక్కడో నీళ్ళలోంచి ఒక యాంటెనా లేచి, విని, మునిగిపోయింది.

డాక్టరమ్మ గదిలో కర్టెన్లు ఎప్పుడూ మూసే ఉంటాయి, స్క్రీను మీద వెలుగు పడకూడదని. చీమకు ఊపిరాడనట్టయి బయటికి నడిచింది. మాస్టారు రోజూ పొద్దున జెట్టీ చివరికి వెళ్ళి, బైనాక్యులర్స్ పెట్టుకుని కాసేపు నిలబడేవాడు. యంత్రం మాట వినే ముందు సముద్రాన్ని ఒకసారి పలకరించాలమ్మా అనేవాడు. ఆమె కూడా అక్కడికే వెళ్ళింది. ఆ బైనాక్యులర్స్ ఇంకా కొక్కేనికే వేలాడుతున్నాయి. తీసి కళ్ళకు పెట్టుకుంది.

దూరంగా, యంత్రం కట్టిన చోట, గుర్తుగా ఒక ఎర్ర బోయా ఉంటుంది. నిటారుగా తేలాలి అది. ఇప్పుడు పక్కకు ఒరిగి, సగం మునిగి, తాడు తెంచుకుపోయే పశువులా లాగుతోంది. దాని వెనక నీటి మీద తెల్లటి నురగ చార. ఆగి ఉన్న బోయా, పరిగెత్తే పడవలా కనిపిస్తోంది.

ప్రవాహం దాదాపు లేదట.

చీమ గదిలోకి పరిగెత్తుకొచ్చి ఒక్క లాగుకు కర్టెన్లు తీసేసింది. "ఏంటీ పిచ్చి పని!" అని అరిచిన డాక్టరమ్మ, చూపించిన వైపు చూసి నోరు మూసింది. తర్వాత మాట్లాడకుండా స్క్రూడ్రైవర్ తీసుకుని రిసీవర్ పెట్టె విప్పింది. లోపల, తీగల మధ్య, బొటనవేలంత నల్లటి డబ్బా ఉంది.

"ఇది మాది కాదు."

అది పోయిన వారం ప్రవాహాన్ని మళ్ళీ మళ్ళీ వినిపించే డబ్బా. ఇంజనీరు పెట్టినది. ఇరవై ఏళ్ళుగా యంత్రం చెప్పిందే వేదమనుకున్న డాక్టరమ్మ దాన్ని పీకి బల్ల మీద పడేసింది. పెన్ను తీసి లెక్క మళ్ళీ వేసింది. చీమ ఆ గోధుమ రంగు వేళ్ళను చూస్తూ నిలబడింది. అవి అబద్ధమాడే వేళ్ళు కావు.

"రెండు రోజులుగా గాలి అలకు ఎదురు," అంది డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి. "అల ఇంకా దాటలేదు. పడవ సరిగ్గా జలసంధిలో ఉన్నప్పుడే వస్తుంది. మామూలు అలకు రెండింతలుంటుంది. నేనే వాళ్ళను దాని నోట్లోకి పంపాను."

"మళ్ళీ మెసేజ్..."

"రేపు పొద్దున దాకా వినరు."

ఒకటే దారి ఉంది. నీళ్ళలో మూడు సౌండ్ గ్రెనేడ్లు, వెంట వెంటనే. ఆ మూడు చప్పుళ్ళకు అర్థం, ఉన్నపళంగా పైకి రండి. చీమ పెద్దాయనకు ఫోన్ చేసింది.

"కుదరదు," అన్నాడాయన. "పైకి వస్తే ప్రపంచమంతా చూస్తుంది. దానికి మంత్రిగారి సంతకం కావాలి."

"సంతకం వచ్చేసరికి పడవ ఉండదు సార్."

అవతల గట్టిగా ఊపిరి తీసిన చప్పుడు. "నాకేం వినబడటం లేదు. లైను బాగాలేదు. లైను బాగుంటే, నెమలిని వెంటబెట్టుకెళ్ళమని చెప్పేవాణ్ణి. ముఠా లోపల మనకున్న కన్ను ఆమే. వాళ్ళ పడవలేమన్నా అడ్డొస్తే ఆమె మాట్లాడుతుంది." లైను కట్.

*

లాంచీలో ముగ్గురే. చుక్కాని దగ్గర ముసలి సరంగు, మధ్యలో చీమ, ముందు నెమలి. గాలికి నీటి తుంపర్లు గులకరాళ్ళలా తగులుతున్నాయి. గ్రెనేడ్ల పెట్టె చీమ కాళ్ళ దగ్గర ఉంది.

"ఈ గాలికి షికారేంటమ్మా?" అన్నాడు సరంగు. "నా పెళ్ళినాడు కూడా ఇంత వీచలేదు. ఆ రోజే వెనక్కి తిరగాల్సింది."

ఎవరూ నవ్వలేదు. ఇరుకు దగ్గరికి వచ్చారు. రెండు వైపులా నల్లటి రాతి గోడలు. చీమ పెట్టె మూత తీసింది.

"అది నీళ్ళలోకి తోసెయ్, చెల్లెమ్మా. పెట్టెతో సహా."

నెమలి కుడి చేతి తొడుగు తీసేసింది. తొడుగుతో ట్రిగ్గరు లాగడం కష్టం. ఆ చేతిలో చిన్న పిస్తోలు. వేళ్ళు, గోళ్ళ మొదళ్ళ దాకా, గోధుమ రంగు.

"పెద్దాయన నిన్ను నమ్మాడు," అంది చీమ.

"నమ్మేవాళ్ళుంటేనే కదా నా ఉద్యోగం నడిచేది."

"మాస్టారు నీకేం అపకారం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. మంచివాడు." నిజంగానే అన్నట్టుంది. "పొద్దున్నే బోయా చూడటానికి బయల్దేరాడు. చూస్తే మా డబ్బా గుట్టు రట్టయ్యేది. తొట్టిలో అల ఎలా పుడుతుందో ఒక్కసారి చూపించండి మాస్టారూ అన్నాను. ఎంత సంబరపడ్డాడో. వంగి చూపించాడు."

చీమ ఆమె ముఖం వైపు చూడటం లేదు. ఆమె భుజం మీదుగా చూస్తోంది. దూరంగా, ఈ గోడ నుంచి ఆ గోడకు, నీటి మీద ఒక నునుపైన చార. దాని వెనక, ఎవరో దువ్వెనతో గీరినట్టు, గరుకు నీళ్ళ పట్టీ. చిన్న చిన్న అలలు ఉన్నచోటనే నిటారుగా లేచి విరుగుతున్నాయి. అది నడిచి వస్తోంది. అడుగున నడిచేదానికి పైన పడిన జాడ అది. నెమలి వీపు అటువైపు ఉంది.

"అందులో యాభై ముగ్గురున్నారు," అంది చీమ. "ఒకడు మా బావ."

"అలాగా. అది పెద్దాయన నాకు చెప్పలేదు." నెమలి కనుబొమలు కాస్త పైకి లేచాయి. "అక్కకు ఏం చెబుతావో ఆలోచించుకున్నావా?"

"ఆలోచిస్తున్నా."

గరుకు పట్టీ లాంచీని ఢీకొట్టింది. ముక్కు గాల్లోకి లేచింది. ఎదురుచూస్తున్న చీమ అప్పటికే కూర్చుండిపోయి అంచు పట్టుకుంది. పిస్తోలు పేలింది, మణికట్టు మీద నిప్పు పెట్టినట్టయింది. నెమలి వెనక్కి తూలింది. పొడవాటి కోటు గాలికి విచ్చుకుంది. అంతే, లాంచీలో ఆమె లేదు.

"అమ్మా! మనిషి పడిపోయింది!" సరంగు తాడు అందుకున్నాడు. బారెడు దూరంలో తల తేలింది. తడిసిన కోటు కిందికి లాగుతుంటే ఒక చెయ్యి పైకి లేచింది. తొడుగు లేని చెయ్యి.

పట్టీ లాంచీని దాటి ముందుకు వెళ్ళింది. అది వెళుతున్న వైపే పడవ ఉంది. తాడు వెయ్యాలి, ఆమె పట్టుకోవాలి, లాగాలి.

చీమ మొదటి గ్రెనేడ్ పిన్ను పళ్ళతో లాగింది.

"అమ్మా, నీళ్ళలో మనిషి ఉందమ్మా!"

"తెలుసు," అంది చీమ.

ఒకటి. రెండు. మూడు. లాంచీ అడుగున ఎవరో సుత్తితో కొట్టినట్టు మూడు దెబ్బలు. సరంగు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి నీళ్ళ మీద నీలం తొడుగు ఒక్కటే ఉంది.

సముద్రం ఏమీ చెప్పలేదు. గాలి వీస్తూనే ఉంది. చీమ నెత్తురోడుతున్న మణికట్టును ఒడిలో నొక్కుకుని, గరుకు పట్టీ పోయిన వైపే చూస్తూ ఉంది. ఆ పట్టీ చాలా దూరం వెళ్ళింది. ఇంక లేదేమో అనుకున్నాక, నీళ్ళు ఉబ్బి, చీలి, నల్లటి ముక్కు ఒకటి ఆకాశంలోకి లేచి, దబ్బున పడింది.

మూడో చప్పుడుకు, పైకి లేవడానికి ట్యాంకుల్లోని నీళ్ళను గాలితో బయటికి ఊదడం మొదలుపెట్టామని, సరిగ్గా అప్పుడే కాళ్ళ కింద నేల తీసేసినట్టయిందని పడవ కెప్టెన్ తర్వాత చెప్పాడు. వెనక గదిలో పైపు పగిలి నీళ్ళు వచ్చాయి. ఆ తలుపు బయటి నుంచి బిగించాల్సి వచ్చింది. లోపల నలుగురున్నారు.

*

ఇంజనీరును విమానం మెట్ల మీద పట్టుకున్నారు. కోడ్ యంత్రం ఒడ్డు చేరింది. డాక్టరమ్మ రాజీనామా ఇచ్చింది, తీసుకోలేదు.

"నెమలి ఎలా పోయింది?" అడిగాడు పెద్దాయన.

"నేను చంపాను సార్."

ఆయన పెన్ను కాసేపు కాగితం మీద ఆగింది. "ప్రమాదం అని రాస్తాను."

"వాళ్ళు కూడా అదే రాయించాలనుకున్నారు."

పెద్దాయన సంతకం పెట్టి కాగితం మడిచాడు.

ఆదివారం చీమ అక్క ఇంటికి వెళ్ళింది. బావ ముందు గదిలో కుర్చీలో ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, అయినా పిల్లాడు దగ్గరికి పోవడం లేదు. వంటింట్లో గిన్నె జారితే బావ దిగ్గున లేచి వెళ్ళి తలుపు తెరిచి, అది తెరుచుకుంటోందో లేదో రెండు సార్లు చూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"వచ్చిన దగ్గర్నుంచి ఇదే వరస," అంది అక్క గొంతు తగ్గించి. "ఏమైందని అడిగితే, గాలి ఎక్కువగా ఉందంటాడు. అంతే. అవునూ, నీ చేతికి ఏంటే ఆ కట్టు?"

"ఆఫీసులో బీరువా తలుపు పడింది."

"బాగుంది సంబడం. నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం, అదీ చేతకాదు నీకు." అక్క కళ్ళు తుడుచుకుని పొయ్యి వైపు తిరిగింది. "అయినా నీకు చెప్పుకుని ఏం లాభంలే. సముద్రం మీద గాలంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు! ఫ్యాను గాలి తప్ప ఇంకో గాలి ఎరగవు."

"నిజమే అక్కా," అంది చీమ. లేచి వెళ్ళి బావ తల మీద తిరుగుతున్న ఫ్యాను కాస్త తగ్గించింది.